రుమాలు కట్టుకుంటే పొగ ఆగదు భాయ్



మొన్న ఏప్రిల్‌లో ఒకరోజు అసర్ నమాజు అయినంక మా ఫుప్పు కొడుకు బండి మీద జనగామ నుంచి దేవరుప్పుల దిక్కు బయల్దేరాను. వాడిది ఫేరీ పని. దుప్పట్లు, దిండు గలీబులు, చాపలు బండికి కట్టుకొని ఊరూరా తిరుగుతాడు. పొద్దున ఎక్కిన బండి ఇషా వేళకు దిగుతాడు. ఆ రోజు సరుకు ఇంట్లో దించి, నా పని కోసం నన్ను ఎక్కించుకున్నాడు.

రోడ్డు పక్క మడిలో ఎవరో వరికొయ్యలకు నిప్పు పెట్టారు. అప్పటిదాకా పొగ పొలం మీదికే పోతోంది. మేం దగ్గరికి వచ్చేసరికి గాలి తిరిగింది. ముందర తెల్లటి గోడ లేచింది. ఆగాలా, పోవాలా అని ఖయాల్ చేసే టైం కూడా లేదు, గోడ లోపలికి పోయాం. బండి ముందు చక్రం కనిపించలేదు. కళ్లల్లో ఎవరో మిరపకారం చల్లినట్టయింది. వెనక నుంచి లారీ హారన్. అది ఎంత దూరంలో ఉందో తెలియదు. డ్రైవర్‌కు మేం కనిపిస్తున్నామో లేదో తెలియదు. వాడు బండిని ఎడమ వైపు మట్టిలోకి దించేశాడు. లారీ మమ్మల్ని జానెడు దూరంలో దాటిపోయింది. పది నిమిషాలు ఇద్దరం చెట్టుకింద కూచుని దగ్గాం. వాడి గడ్డం నిండా నల్లటి నుసి.

ఇంటికి వచ్చి చెప్తే ఫుప్పు అన్న మొదటి మాట: "రుమాల్ బాంద్ లేనా థా నా బేటా." ఫుప్పా అన్నాడు: "అల్లా బచాలియా, షుకర్ కరో."

షుకర్ చేశాను. ఆ విషయంలో బహస్ లేదు. నా లడాయి రుమాలుతోనే. మన ఇళ్లల్లో, మన మొహల్లాల్లో, చివరికి డాక్టర్ దగ్గర కూడా పొగకు జవాబుగా వినపడే మాట అదొక్కటే. రుమాలు కట్టుకో. పొగ పెట్టినవాడిని ఎవరూ ఏమీ అనరు. పొగలో పోయినవాడికి మాత్రం నసీహత్. దెబ్బ తిన్నవాడినే "నువ్వు జర జాగ్రత్తగా ఉండాల్సింది" అని మందలించడం ఎక్కడి ఇన్సాఫ్?

ముందు ఆ రుమాలు సంగతే చూద్దాం. గడ్డి కాలితే వచ్చే పొగలో మనకు కనిపించే నుసి పెద్ద ఖతర్నాక్ కాదు. అది ముక్కులో, గొంతులో ఆగుతుంది, దగ్గితే బయటికి వస్తుంది. అసలు దుష్మన్ కంటికి కనిపించని కణం. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నది. మన తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. అది ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి, అక్కడి నుంచి నెత్తురులోకి కూడా చేరుతుంది. ఉబ్బసం దానితోనే రేగుతుంది, గుండెపోటుకూ అది ఒక కారణం. రుమాలు నేతలో ఉన్న సందులు దాని ముందు దర్వాజాల వంటివి. పైగా ముక్కు పక్క నుంచి, గదమ కింది నుంచి గాలి సాఫ్‌గా లోపలికి వస్తూనే ఉంటుంది. తడి రుమాలైనా అంతే. గొంతుకు కొంచెం చల్లగా ఉంటుంది, తసల్లీ దొరుకుతుంది. హిఫాజత్ దొరకదు.

మన ఆడవాళ్లది ఇంకో భ్రమ. "నఖాబ్ ఉంది కదా" అంటారు. నఖాబ్ పర్దా కోసం, పొగ కోసం కుట్టింది కాదు. ఆ పల్చటి బట్ట దుమ్మునే సరిగా ఆపలేదు, పొగనేం ఆపుతుంది? అయితే ఒక ఆసాన్ తరీఖా ఉంది. నఖాబ్ కింద ఎన్95 మాస్కు పెట్టుకోవచ్చు. ఎవరికీ కనిపించదు కూడా.

మగవాళ్లకు ఎన్95తో వేరే చిక్కు. ఆ మాస్కు సన్నటి కణాల్లో నూటికి 95 ఆపుతుందన్నది నిజమే, కాని ముఖానికి గట్టిగా అతుక్కుంటేనే. గడ్డం ఉంటే అతుక్కోదు. గాలి వెంట్రుకల మధ్య నుంచి దారి చేసుకుంటుంది. గడ్డం తీసేయమని నేను అనడం లేదు, తౌబా. కోవిడ్ కాలంలో బ్రిటన్‌లో సిక్కు డాక్టర్లకూ ఇదే మసలా వచ్చింది. వాళ్లు గడ్డం మొత్తాన్ని కప్పుతూ సాగే రబ్బరు పట్టీ కట్టి, దానిమీద మాస్కు పెట్టుకున్నారు. మతం పోలేదు, డ్యూటీ ఆగలేదు. మనమూ అలాంటి తర్కీబులు నేర్చుకోవచ్చు. కాని మే నెల ఎండలో రోజంతా బండి నడిపే ఫేరీవాలా ముఖానికి రబ్బరు పట్టీ, దాని మీద మాస్కు, దాని మీద హెల్మెట్ పెట్టుకొని ఊరూరా "దుప్పట్లూ" అని కేకేయగలడా? ఇంకో మాట. ఎన్95 కణాలనే ఆపుతుంది, వాయువులను ఆపదు. దగ్గర్లో మండే మంటలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ దాని గుండా హాయిగా లోపలికి వస్తుంది. కళ్లకు కమ్మిన పొగను అయితే ఏ మాస్కూ తీయలేదు. వెనక నుంచి వచ్చే లారీని అసలే ఆపలేదు.

కాబట్టి బండివాడి ముఖం మీద ఏం కట్టాలన్నది రెండో సవాల్. మొదటి సవాల్ ఒక్కటే. రోడ్డు మీదికి పొగ ఎవరు పంపుతున్నారు? ఎవరు చూస్తూ ఊరుకుంటున్నారు?

ఇక్కడ కొందరు దోస్తులు నన్ను ఆపుతారు. "మియా, కౌమ్‌కు ఇన్ని ముసీబతులు ఉండగా నువ్వు పొగ మీద రాస్తావా? ఇదేమైనా ముసల్మానుల మసలానా?" అంటారు. జవాబు ఇస్తాను. జనగామ, మానుకోట, భూపాలపల్లి రోడ్ల మీద ఒక దినం నిలబడి చూడండి. ఫేరీవాలా ఎవరు? గుడ్లు, రొట్టెలు, చిప్స్ పాకిట్లు బండికి వేలాడదీసుకొని కిరాణా దుకాణాలకు వేసేది ఎవరు? పాత ఇనుము, ఖాళీ సీసాలు కొనేది ఎవరు? మేకలు కొనడానికి సంతల వెంట తిరిగేది ఎవరు? బోరు మోటార్లు రిపేర్ చేయడానికి పానా సంచి తగిలించుకొని పోయేది ఎవరు? అందరూ మనవాళ్లే అనను. కాని మనవాళ్లు చాలామంది. మన దగ్గర పొలాలు తక్కువ, నౌకరీలు తక్కువ. మన రోజీ రెండు చక్రాల మీద నడుస్తుంది. కారువాడు అద్దాలు ఎక్కించుకొని పొగను దాటిపోతాడు. బస్సువాడు ఎత్తులో కూచుంటాడు. బండివాడి ఒంటికీ పొగకూ మధ్య ఏమీ లేదు. అందుకే ఇది మన మసలా. మనతో పాటు ఆ రోడ్ల మీద బండి నడిపే లంబాడా తమ్ముడిదీ, మాదిగ అన్నదీ, పాలు పోసే గొల్లాయనదీ కూడా.

2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడు ఊర్లూ ఒకే వరంగల్ జిల్లా కింద ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లాలు, మూడు కలెక్టరేట్లు. పొగలు కూడా మూడు రకాలు.

జనగామది గడ్డి పొగ. ఒకప్పుడు కరువు అనగానే ఈ ఇలాఖానే గుర్తొచ్చేది. దేవాదుల నీళ్లు వచ్చాయి, చెరువులు నిండాయి, మెట్టచేలన్నీ వరిమళ్లయ్యాయి. అల్హందులిల్లా, ఎవరికి బాధ? కాని కొడవలితో కోసినప్పుడు వరిని నేలకు దగ్గరగా కోసేవారు. గడ్డి వామి వేసేవారు. ఎడ్లు, బర్లు తినేవి. ఇప్పుడు హార్వెస్టర్ మిషను పైన కంకి తీసుకొని మోకాలి ఎత్తు కొయ్యలు వదిలేస్తుంది. గడ్డిని చేనంతా చిందరవందర చేసి పోతుంది. ఎడ్లు లేవు, ట్రాక్టర్ గడ్డి తినదు. తర్వాతి నాటుకు టైం లేదు. ఒక అగ్గిపుల్ల చాలు అనుకుంటారు. వానాకాలం కోతలు అయ్యాక ఒకసారి, యాసంగి కోతలు అయ్యాక ఒకసారి, సాలుకు రెండుసార్లు రోడ్లు పొగలో మునుగుతాయి.

భూపాలపల్లిది బొగ్గు పొగ, బూడిద దుమ్ము. సింగరేణి గనులు ఉన్నాయి. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది, 500 మెగావాట్లది ఒక యూనిట్, 600ది ఇంకొకటి. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు అటూఇటూగా బూడిదే ఉంటుంది. వంద లారీల బొగ్గు కాలిస్తే ముప్పై లారీలకు పైగా బూడిద మిగులుతుందన్న లెక్క. ఆ బూడిదను వృథాగా పారేయకుండా ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు మొత్తం వాడేయాలని కేంద్రం 2021 డిసెంబర్ 31న నోటిఫికేషన్ ఇచ్చింది. మంచిదే. కాని వాడాలంటే మోయాలి, మోయాలంటే రోడ్డెక్కాలి. పరకాల నుంచి భూపాలపల్లి, కాటారం మీదుగా కాళేశ్వరం పోయే రోడ్డు మీద బొగ్గు లారీ, బూడిద టిప్పర్, ఇసుక లారీ ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. టార్పాలిన్ సరిగా కట్టని ఒక్క బండి చాలు, వెనక వచ్చే పది బైకుల మీద బూడిద వాన కురుస్తుంది. కింద రాలింది అక్కడే ఉండదు. ప్రతి టైరు దాన్ని మళ్లీ లేపుతుంది. గని డ్యూటీ దిగి ఇంటికి పోయే కార్మికుడు భూమి లోపల పీల్చిన దుమ్ము చాలదన్నట్టు భూమి పైన కూడా పీలుస్తాడు.

మానుకోటది అడవి పొగ. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం దిక్కు ఎండాకాలంలో ఇప్పపూలు ఏరడానికి చెట్టుకింద ఆకులు తగలబెడతారు, అది అంటుకొని పోతుంది. మిర్చి తోట అయిపోయాక ఎండిన కట్టెకు చేలోనే నిప్పు. వరి ఇక్కడా ఉంది. వీటికి తోడు ఊరి బయట చెత్త కుప్పలు రాత్రంతా పొగలుతూనే ఉంటాయి. తొర్రూరు, మరిపెడ మీదుగా పోయే రోడ్డు ఎక్కినా, నర్సంపేట దిక్కు పోయే రోడ్డు ఎక్కినా, చీకటి పడ్డాక హెడ్‌లైట్ వెలుగులో ఆ పొగ తెర లాగా ఊగుతుంటుంది.

ఇప్పుడు మన గిరేబాన్‌లో మనం తొంగి చూసుకుందాం. నాలుగో పొగ ఒకటి ఉంది. అది మనదే.

పాత వైర్లు కొని, రాగి కోసం ఊరి బయట కుప్ప వేసి కాల్చేది ఎవరు? ఆ వైరు పైన ఉండే తొడుగు పీవీసీ. అది కాలితే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వాయువు వస్తుంది, డయాక్సిన్లు వస్తాయి. క్యాన్సర్ తెచ్చే జహర్ అది. కాల్చేది చాలాసార్లు పదిహేనేళ్ల పిల్లవాడు. వాడి పక్కనే రోడ్డు, రోడ్డు మీద బళ్లు. టైరు కాల్చి ఇనుప తీగ తీసేదీ మన గల్లీలోనే చూశాను. దీంట్లో కారోబార్ నఫా కూడా లేదు. కాల్చిన రాగికి చమక్ పోతుంది, గ్రేడు తగ్గుతుంది, ధర తగ్గుతుంది. తొడుగు ఒలిచి తీసిన రాగికి ఎక్కువ పలుకుతుంది. ఒలిచే చిన్న మిషన్లు దొరుకుతున్నాయి. నలుగురు కబాడీ దుకాణదారులు కలిస్తే ఒకటి కొనుక్కోవచ్చు.

మన మెకానిక్ భాయీలకూ ఒక మాట. పాత టూ-స్ట్రోక్ బండి పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుస్తుంది కాబట్టి నీలం పొగ వదులుతుంది. ఫోర్-స్ట్రోక్ బండి నీలం పొగ వదిలిందంటే రింగులు అరిగాయని మీకు నాకంటే బాగా తెలుసు. "చల్తా హై, ఇంకో ఆర్నెల్లు నడుస్తది" అని పంపకండి. ఆ పొగ వెనక బండి మీద ఉన్నవాడి ముఖానికి కొడుతుంది. వాడు మీ కొడుకే కావచ్చు.

అమ్మీలు, అబ్బాలూ, మీకు కూడా. ఒక బండి మీద నలుగురు. ట్యాంకు మీద మూడేళ్ల పిల్ల. ముందు నుంచి వచ్చే ప్రతి పొగా, దుమ్మూ మొదట తగిలేది ఆ పిల్లకే. ఒంటి బరువుతో చూస్తే పిల్లలు మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా తయారవుతూనే ఉంటాయి. షాదీకి పోవాలన్న మజ్బూరీ నాకు తెలుసు, ఆటో కిరాయా ఎంతో కూడా తెలుసు. అయినా చెప్తున్నాను. కోతల సీజన్‌లో పిల్లను ట్యాంకు మీద కూచోబెట్టి పొలాల మధ్య రోడ్డున పోవద్దు.

మన తప్పు మనం ఒప్పుకున్నాం కాబట్టి ఇప్పుడు వేరేవాళ్లను అడిగే హక్ మనకు వచ్చింది.

రైతు పేరెత్తగానే కొట్లాటకు వచ్చేవాళ్లు ఉన్నారు. "అన్నం పెట్టేవాడిని అంటావా? ఫ్యాక్టరీలను వదిలి బీద రైతు మీద పడతావా?" అని. రైతు మీద నాకు దుష్మనీ లేదు. మా ఇంట్లో ఉడికేది ఆయన పండించిన బియ్యమే. ఆ పొగ మొదట పీల్చేది ఆయనే. తన చేనుకు తానే పెట్టిన మంటలో చిక్కుకొని ముసలి రైతులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మన జిల్లాల్లో వింటూనే ఉన్నాం. గడ్డి కాలిస్తే నేలలోని సారమూ కాలుతుంది, వానపాములూ చస్తాయి. మళ్లీ దానికి సంచుల కొద్దీ ఎరువు కొనాల్సింది ఆయనే. కాబట్టి కాల్చడం రైతుకు ఫాయిదా అన్న మాటే గలత్. ఆయనకు మిషను కావాలి. గడ్డిని కట్టలు కట్టే బేలర్ కావాలి, దున్ని కలిపేసే రోటవేటర్ కావాలి, అదీ కోత అయిన వారం రోజుల్లో తక్కువ కిరాయికి దొరకాలి. ఆ ఇంతెజాం చేయాల్సింది సర్కార్. చేయకుండా "కాల్చవద్దు" అని గోడల మీద రాస్తే అది కూడా రుమాలు వంటిదే.

కాని బీదతనం ఎంత ఉన్నా రోడ్డు పక్క మడికి, రోడ్డు దిక్కు గాలి వీచే వేళ, నీళ్ల బిందె కూడా దగ్గర పెట్టుకోకుండా నిప్పు పెట్టే హక్ ఎవరికీ లేదు. అది బీదతనం కాదు, లాపర్వాయీ. ఆ పొగలో పోయేవాడు కూడా బీదవాడే.

ఇంకో దలీల్: "మనది ఢిల్లీ కాదు కదా, ఇక్కడ గాలి సాఫ్‌గానే ఉంది." ఫోన్‌లో చూపించే గాలి నాణ్యత అంకెను నమ్ముకునేవాళ్ల మాట ఇది. దుమ్ము, పొగ కణాల విషయంలో ఆ అంకెను 24 గంటల సగటు మీద లెక్క కడతారు. ఇరవై మూడున్నర గంటలు గాలి బాగుండి, అరగంట పొగ గోడ లేస్తే సగటులో ఆ గోడ మాయమైపోతుంది. కాని బండివాడు సగటులో పోడు, ఆ అరగంటలోనే పోతాడు. సన్న కణాలకు మన దేశం పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మన హద్దే నాలుగింతలు ఎక్కువ. ఇక 2019 జనవరిలో కేంద్రం గాలి శుభ్రం చేస్తామని ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్లగొండ ఉన్నాయి. జనగామ లేదు, మహబూబాబాద్ లేదు, భూపాలపల్లి లేదు. లిస్టులో పేరు లేదంటే పొగ లేదని కాదు. మన పొగను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని.

కానూన్ లేదా? ఉంది. జనం ఆరోగ్యం చెడేలా గాలిని పాడు చేస్తే భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షన్ కింద జుర్మానా, వెయ్యి రూపాయల దాకా. నిప్పుతో లాపర్వాయీగా ఉండి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే 287 కింద ఆరు నెలల దాకా జైలు. లాపర్వాయీ వల్ల మనిషి చనిపోతే 106 కింద ఐదేళ్ల దాకా. ఏ ఇలాఖాలోనైనా ఫలానా వస్తువు కాల్చవద్దని నిషేధం పెట్టే ఇఖ్తియార్ 1981 నాటి గాలి కాలుష్య చట్టం రాష్ట్ర సర్కార్‌కు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు గోధుమ కొయ్యలు ఇలాగే కాల్చేవారు, రోడ్ల మీదికి ఇలాగే పొగ వచ్చేది. 1993 నుంచి అక్కడ నిషేధం. గోధుమ పంట ఆగిపోలేదు. అమెరికాలో ఫ్లోరిడాలో 2012 జనవరిలో కార్చిచ్చు పొగ, మంచు కలిసి హైవేని కమ్మేస్తే బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకొని 11 మంది చనిపోయారు. పొగ వస్తే రోడ్డు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి అని అక్కడ పెద్ద విచారణ నడిచింది. మన దగ్గర అలాంటిది జరిగితే నాలుగు లైన్ల వార్త.

ఆ నాలుగు లైన్లు రాసేది నా వంటివాళ్లమే. సహాఫీగా నా గునా కూడా ఒప్పుకుంటాను. "పొగ కమ్మేయడంతో ద్విచక్ర వాహనం అదుపు తప్పి" అని ఎన్నిసార్లు రాశానో. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి తెలుగులో డిగ్రీ చేసినవాడిని, కర్త, కర్మ, క్రియ కష్టపడి నేర్చుకున్నాను. ఆ వాక్యంలో చూడండి, కమ్మేసింది పొగ, అదుపు తప్పింది బండి. నిప్పు పెట్టిన మనిషి ఎక్కడా లేడు. కర్త మాయం. చనిపోయినవాడికి మిగిలింది కర్మ. ఇకనుంచి అలా రాయను, ఇన్షాఅల్లా. ఎవరి చేను, రోడ్డుకు ఎంత దూరం, పంచాయతీకి ముందు తెలుసా, ఫైరింజన్ ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ అడిగి రాస్తాను.

ఇక తక్దీర్ మాట. "జో లిఖా హై వో హోతా" అంటారు మన పెద్దలు. సబర్ గొప్ప గుణమే. కాని దారిలోంచి ముల్లు తీసేయడం కూడా ఈమాన్‌లో భాగమని మనకు మక్తబ్‌లోనే నేర్పారు. ముల్లు అంటే అరికాలికి గుచ్చుకునేదొక్కటేనా? ఊపిరితిత్తులకు గుచ్చుకునేది ముల్లు కాదా? ఇతరులకు నష్టం చేయవద్దు, నష్టపోవద్దు అన్నది మన ఫిఖాలో పెద్ద ఉసూల్. దాన్ని వదిలేసి, మనిషి పెట్టిన మంటను అల్లా ఖాతాలో రాయడం తవక్కుల్ కాదు. బద్ధకం. తెలుగు లిపిలో ధువాకు, దువాకు మధ్య ఉన్న తేడా ఒక్క ఒత్తు. మనం మాత్రం ధువా లేచిన ప్రతిసారీ దువా చేసి ఊరుకుంటున్నాం. దువా చేద్దాం. చేసిన తర్వాత లేచి నిలబడదాం కూడా.

ఏం చేయాలంటే, చేయగలిగినవే చెప్తాను.

పొగ గోడ కనిపిస్తే లోపలికి పోవద్దు. దూరంగానే రోడ్డు దిగి మట్టిలో, బళ్లకు అందనంత దూరంలో ఆగండి. పొగ మధ్యలో రోడ్డు మీద ఆగడం అన్నిటికంటే ఖతర్నాక్. వెనకవాడికి మీరు కనిపించరు. ఇప్పటికే లోపల చిక్కుకుంటే లైటు వేసి, మెల్లగా ఎడమ అంచు పట్టుకొని బయటపడండి. వెంటనే 101కి గాని 112కి గాని ఫోన్ చేయండి. హెల్మెట్‌కు అద్దం ఉంటే దించుకోండి, అది కళ్లను కాపాడుతుంది. చలికాలంలో ఫజర్ నమాజు అయిన వెంటనే బయల్దేరేవాళ్లు, పొద్దున గాలి సాఫ్ అనుకోకండి. చల్లగాలిలో చిక్కుకొని రాత్రి పొగ సూర్యుడు ఎక్కేదాకా నేల మీదనే ఉంటుంది. ఒక గంట ఆగి పోవడం కుదిరితే ఆగండి.

మస్జిద్ కమిటీలకు: మార్చి ఆఖరున ఒక జుమా, అక్టోబర్ ఆఖరున ఒక జుమా, ఖుత్బాకు ముందు ఐదు నిమిషాలు ఈ మాట చెప్పించండి. వైర్లు, టైర్లు, చెత్త కాల్చవద్దని, ఒక్కసారి కాదు, ప్రతి సాలూ చెప్పించండి.

డీసీఎంలు, ట్రాలీ ఆటోలు నడిపే మన నౌజవాన్లకు: గడ్డి కట్టలకు గిరాకీ ఉంది. బర్లు, మేకలు పెంచేవాళ్లు ఎండాకాలంలో గడ్డికి పరేషాన్ అవుతారు. ఒక ఊర్లో కాలిపోయే గడ్డి ఇంకో ఊర్లో పైసలు పెట్టినా దొరకదు. రెండు ఊర్లనూ కలిపేది మీ బండే. రైతుతో, బేలర్‌వాడితో మాట్లాడండి. పొగ తగ్గుతుంది, రోజీ పెరుగుతుంది.

అందరికీ: సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ఫోటో, తారీఖు, టైము, ఊరి పేరు రాసి దరఖాస్తు ఇవ్వండి. టార్పాలిన్ లేని టిప్పర్ అయితే నంబర్ కూడా. నకలు మీ దగ్గర ఉంచుకోండి, రసీదు అడిగి తీసుకోండి. ఒకడు పోతే వాపస్ పంపుతారు. మనవాళ్లు పదిమంది, పక్క బస్తీ వాళ్లు పదిమంది కలిసి పోతే కూచోబెట్టి మాట్లాడతారు. ఆ పొగ అందరిదీ కాబట్టి దరఖాస్తు కూడా అందరిదీ కావాలి.

మా ఫుప్పు కొడుకు మర్నాడు పొద్దున మళ్లీ దుప్పట్లు కట్టుకొని బయల్దేరాడు. పోకపోతే నడవదు. ఫుప్పు గడప దాకా వచ్చి ఉతికిన రుమాలు వాడి చేతికి ఇచ్చింది. వాడు తీసుకున్నాడు. ఆ రుమాలులో ఆమె ముహబ్బత్ ఉంది, అది నేను కాదనను. కాని ఒక తల్లి ముహబ్బత్‌ను అడ్డం పెట్టుకొని, అంతమంది జిమ్మేదారులు తమ ఫర్జ్ నుంచి తప్పించుకుంటున్నారు. నాకు కోపం అక్కడే.

వచ్చే సోమవారం నేను జనగామ కలెక్టరేట్‌కు పోతున్నాను, దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. వచ్చేవాళ్లు రండి. మానుకోటలో, భూపాలపల్లిలో ఉన్నవాళ్లు మీ దగ్గర మీరు పోండి.

ఖుదా హాఫిజ్.